సోఫాలో చిన్నకోడలు

ఆర్కిటెక్టు ఆఫీసంటే ఇళ్ళు కట్టే చోటని నమ్మే అమాయకపు రోజులు కొన్ని ఉంటాయి. నాకా రోజులు తిరువళ్ళూరు రైల్వేస్టేషను దగ్గర, ఒక స్వీటు షాపు మేడ మీద గడిచాయి. నిజానికి మేం అక్కడ తయారుచేసేది ఇళ్ళు కాదు, బొమ్మలు. (ఇళ్ళు మేస్త్రీలు కడతారు, మమ్మల్ని తిట్టుకుంటూ.) మా బాసుకు నేను పెట్టిన పేరు మినిమల్ సారు. గోడకు రంగొద్దు, మినిమల్. కిటికీకి తెరొద్దు, మినిమల్. ఆఫీసులో ఫ్యాను కూడా మినిమలే, ఆయన తల మీద మాత్రమే తిరిగేది. ఎండాకాలంలోనూ నల్ల చొక్కాయే వేసుకునేవాడు కాబట్టి మధ్యాహ్నానికల్లా ఆయనకు డిజైను కంటే తువ్వాలు ఎక్కువ అవసరమయ్యేది. ఆయన కింద సీనియర్ అన్న. పాత ఇంటి ప్లానునే కుడిఎడమలు తిప్పి గీసి "ఫ్రెష్ కాన్సెప్ట్ సార్" అనడంలో ఆయనకు ఆయనే సాటి. అందరికన్నా చివర నేను, అత్తిమంజేరిపేట నుంచి వచ్చిన త్రీడీ పాపని. కట్టబోయే ఇంటిని అప్పుడే కట్టేసినట్టు కంప్యూటర్లో బొమ్మ చేసి చూపించడం నా పని.

తిరుత్తణి ఇంటి పని మాకు ఖాయమైతేనే నన్ను పర్మనెంటు చేస్తానని సారు తేల్చి చెప్పేశాడు. అది ఖాయం కాకపోతే, పళ్ళిపట్టులో మా మామ సిమెంటు కొట్లో ఒక కంప్యూటరు గుడ్డ కప్పుకుని నా కోసం కాచుకుని ఉంది. బిల్లులు కొట్టుకుంటూ బతకొచ్చు. మామ అప్పుడప్పుడూ ఫోను చేసి "ఏం పాపా, ఇంకా తరమలేదా వాళ్ళు?" అని ఎంతో ప్రేమగా అడిగేవాడు. ఆ ప్రేమకు నాకు ఒళ్ళు మండేది.

ఆ ఇల్లు కట్టించుకునేది తిరుత్తణిలో పాత్రల కొట్టున్న ఒక అయ్య. ఆయన, ఆయన తమ్ముడు, ఇద్దరి భార్యలు, వీళ్ళందరి మీదా అయ్యవాళ్ళ అమ్మ. ఆమెను ఊరంతా అవ్వ అనే పిలిచేది. మొదటిసారి ఆఫీసు టీవీలో బొమ్మ చూపించినప్పుడు, హాలు ఎంత పెద్దదో తెలియాలని ఇంటర్నెట్లో ఊరికే దొరికే తెల్లవాళ్ళ బొమ్మల్ని అందులో నిలబెట్టాను. అవ్వ లేచి టీవీ దగ్గరికి వెళ్ళి చూసింది.

"ఎవురే ఈ దొరసాని? చెప్పులేసుకోని సామి రూము ముందర నిలబడుకోనుండాది!"

మనుషుల్ని తీసేసి మళ్ళీ చూపిస్తే, ఈసారి అయ్య మొహం ముడుచుకున్నాడు. "ఎవురో కాలీ చేసిపోయిన ఇల్లు మాదిరి ఉండాది సార్. మనుసులు లేకుండా ఏం ఇల్లు?" సారు చెమట తుడుచుకుని, "అయితే మీవాళ్ళనే పెడతాం" అని మాటిచ్చేసి నావైపు చూశాడు.

వాట్సాప్‌లో ఫోటోలు వచ్చాయి. తలలు వాళ్ళవి, ఒళ్ళు ఆ తెల్లవాళ్ళవి. (దొరసాని చేతిలో వైను గ్లాసు తీసేసి కాఫీ లోటా పెట్టాను. సంప్రదాయమంటే నాకు అంత గౌరవం.) ఎవరిని ఎక్కడ పెట్టాలో వెలుతురు చూసి నిర్ణయించాను. చిన్నకోడలి ఫోటో స్టూడియోలో తీసింది, మెత్తటి వెలుతురు, సోఫాకు చక్కగా అతికింది. పెద్దకోడలి ఫోటోలో ట్యూబులైటు, కాబట్టి వంటింట్లోకి. అవ్వది కొండమెట్ల మీద మండుటెండలో కళ్ళు చికిలించిన ఫోటో ఒక్కటే ఉంది. అది ఇంట్లో ఎక్కడా కుదరక, గేటు పక్కన పూలకుండీ అంచున కూర్చోబెట్టాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

బొమ్మ తెరమీదికి రాగానే మొదట పెద్దకోడలు నోరు తెరిచింది.

"ఓహో! నేను వంటింట్లో, మహారాణి సోఫాలో కాలిమీద కాలేసుకోని! ఎవురు చెప్పినారు పాపా నీకు, ఇదేనా?"

"నేనేం చెప్పినాను అక్కా? ఆ కాళ్ళు కూడా నావి కావు!" అంది చిన్నకోడలు ఏడుపు గొంతుతో.

"ఎల్లాం సుమ్మా, ఉత్త బొమ్మే కదే," అన్నాడు అయ్య.

"బొమ్మే అయితే మీరు పోయి నిలబడండి వంటింట్లో!"

సీనియర్ అన్న టీ చెప్పొస్తానని బయటికి జారుకున్నాడు. సారు బల్ల కింద నా కాలు తొక్కాడు, అదేదో గొడవ ఆపే స్విచ్చయినట్టు. అప్పుడు అవ్వ నెమ్మదిగా అడిగింది. "నేనేడుండాను?"

చూపించాను. కన్నతల్లిని గేటు దగ్గర, కుండీ మీద చూసేసరికి అయ్య మొహం మాడిపోయింది. పళ్ళిపట్టు కంప్యూటరు మీది గుడ్డ లేచిపోవడం నాకు స్పష్టంగా కనిపించింది. భయంతో ఏడుపొచ్చేసింది, ఏడుస్తూనే నిజం కక్కేశాను.

"ఎండ అవ్వా! మీ ఫోటోలో ఎండ జాస్తిగా ఉండాది. లోపల పెడితే మీరొక్కరే మెరస్తా ఉంటారు. అక్క ఫోటోలో ట్యూబులైటు. అంతే అవ్వా, నాకింకేం తెలీదు!"

అవ్వ భుజాలు ఊగేలా నవ్వింది. "ఇన్నేండ్లుగా నేను తీర్చలేని కోడండ్ల పంచాయితీ ఈ పాప ఎండ జూసి తీర్చేసినాది! నన్ను బైటే ఉండనీ, వీళ్ళ అరుపులు ఇనపడవు. కుండీ మీద మాత్రం వేండాం, కూర్చునేదానికి తిన్నె ఒకటి కట్టియ్యి. కోడండ్లిద్దరినీ సోఫాలో ఏసెయ్."

"వంటింట్లో ఎవురమ్మా మరి?" అన్నాడు అయ్య.

"నువ్వే."

మినిమల్ సారు తిన్నె మాట వినగానే "మిని..." అని మొదలుపెట్టి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఇంకో బొమ్మ చూసే ఓపిక లేక అయ్య అక్కడే సంతకం పెట్టేశాడు. నేను పర్మనెంటు. మర్నాటి నుంచి సారు వచ్చినవాళ్ళందరికీ "మా కాన్సెప్టే మనుషులండీ" అని చెప్పడం మొదలుపెట్టాడు. మామ మాత్రం ఫోనులో "సరి పో" అని నిట్టూర్చాడు.

ఆ ఊపులో చివరి బొమ్మలో, మేడమీది గది కిటికీలో, బియ్యపుగింజంత నన్ను నేను పెట్టుకున్నాను. ఎవరూ చూడరనుకున్నాను. గృహప్రవేశానికి వెళ్తే ఆ బొమ్మ ఫ్రేము కట్టి హాల్లో వేలాడుతోంది! చుట్టాలావిడ ఒకామె దగ్గరికెళ్ళి చూసి, "పైన ఈ పిల్ల ఎవురు?" అంది. నేను మెల్లగా గుమ్మం వైపు జరిగాను. అవ్వ కనీసం తల కూడా తిప్పలేదు.

"మా పిల్లే. పై రూములో ఉంటాది."

ఇప్పుడు నా కిందా త్రీడీ పిల్లలున్నారు. నేనూ బల్ల కింద కాళ్ళు తొక్కుతున్నాను. అవ్వ ఉన్నన్నాళ్ళూ ఆ పైగదిని ఎవరికీ ఇవ్వనివ్వలేదట. ఆమె పోయాక ఈమధ్యే ఎవరో బ్యాంకు ఉద్యోగికి అద్దెకిచ్చారని తెలిసి నవ్వుకున్నాను. అయినా, నన్నొక్క మాట అడగాల్సింది.