మాత్ర వేసుకున్నాను, అన్నం మానేశాను

ఆ శుక్రవారం ఉదయం పదకొండింటికి నా చేతిలో గరిటె వణికింది. తాడేపల్లిగూడెం పక్కన కాలేజీ హాస్టల్ మెస్‌లో పద్నాలుగేళ్లుగా వంట చేస్తున్నదాన్ని, ఎప్పుడూ అలా వణకలేదు. చెమటలు పట్టాయి. పొయ్యి వేడి అనుకున్నాను. నిజానికి అంతకుముందు మూడు రోజులూ అదే వేళకి చెమటలు పట్టి నీరసంగా ఉండేది, నేనే పట్టించుకోలేదు.

అవి ఈస్టరుకి ముందు మా క్రైస్తవులు పాటించే శ్రమకాలపు నలభై రోజులు. సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టనని మొక్కుకున్నాను. మా అమ్మాయి సుజాతకి రెండుసార్లు కడుపు పోయింది. ఇప్పుడు ఎనిమిదో నెల. ఈ బిడ్డయినా దక్కాలని నా ఆరాటం. నాకేమో షుగరు. "మాత్ర మాత్రం మానకూడదమ్మా" అని డాక్టరు గారు చెప్పారు కదా అని పొద్దున్నే నీళ్లతో మింగేదాన్ని. మాత్ర తిండి కాదు, ఉపవాసం చెడదు అని నా తెలివి! ఉపవాసం సంగతి ఆయనకు చెప్పనేలేదు. చెబితే వద్దంటారని భయం.

సాంబారు దింపబోయి కూలబడ్డాను. తోటి వంటమనిషి వెంకటలక్ష్మిని నోటికొచ్చినట్టు తిట్టానట. పాపం, ఆవిడ "రత్నానికి ఏదో పట్టిందమ్మోయ్" అంటూ బయటికి పరుగెత్తింది.

వచ్చింది లావణ్య, కాలేజీ ఎమర్జెన్సీ జట్టులోని పిల్ల. మా క్యాంపస్‌లో విద్యార్థులే శిక్షణ పొంది, వంతులేసుకుని ఎమర్జెన్సీ వైద్యం చూస్తారు. ఎర్ర మందుల పెట్టె భుజాన వేసుకుని తిరుగుతుంటారు. కట్లు కట్టడం నేర్చుకుంటాం, చెయ్యి ఇవ్వండి ఆంటీ అని వాళ్లు అడిగితే, "పోండర్రా, మీ డాక్టరాటలు నా దగ్గరా!" అని గరిటెతో తరిమినదాన్ని నేనే.

వేలు గుచ్చి షుగర్ చూసి, "ముప్ఫై ఎనిమిదే! ఆంటీ, పంచదార నీళ్లు తాగండి" అంది. నేను పళ్లు బిగబట్టాను. మొక్కు, మొక్కు అంటున్నానట.

"దేవుడికి నేను చెప్పుకుంటానండీ, ముందు నోరు తెరవండి!" అని అరిచింది. ఆ పిల్ల అరవగా వినడం అదే మొదలు. చిగుళ్లకి పంచదార రాసి, నేను మింగగలుగుతున్నానని చూసుకున్నాక గ్లాసు పట్టింది.

పావుగంటకి లేచి కూర్చున్నాను. ఇంకేం, చీర సర్దుకుని పొయ్యి దగ్గరికి బయల్దేరాను. లావణ్య అడ్డం నిలబడింది.

"ఆసుపత్రికి వెళ్లాలండీ."

"బాగయ్యాను కదమ్మాయ్! ఇంతమంది పిల్లలకి అన్నం ఎవరు పెడతారు?"

"మీరు వేసుకున్న మాత్ర ఇంకా పనిచేస్తూనే ఉంటుందండీ. షుగర్ మళ్లీ పడిపోతుంది."

నాకు ఒళ్లు మండింది. నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల నాకు చెప్పొచ్చిందా! తిడుతూనే కాలేజీ జీపెక్కాను. ఊళ్లోకి రాకముందే కళ్లు మసకలు కమ్మాయి. తర్వాత ఏం జరిగిందో గుర్తులేదు.

తెలివొచ్చేసరికి చేతికి గ్లూకోజు ఎక్కుతోంది. "షుగర్ మళ్లీ డ్రాప్ అయిందమ్మా. ఈ మాత్ర వేసుకుని పస్తుంటారా ఎవరైనా? ఒంటరిగా ఉన్నప్పుడు పడిపోయుంటే మాకు దక్కేవారు కాదు" అన్నారు డ్యూటీ డాక్టరు. రెండు రోజులు ఉంచి, గంటగంటకీ వేలు గుచ్చారు.

సుజాత గుండుగొలను నుంచి ఆ కడుపుతోనే బస్సెక్కి వచ్చింది. "మొక్కు చెడిపోయిందే" అని ఏడ్చాను. అది మంచం పట్టుకుని నిలబడి, "నువ్వు పోతే నాకు పురుడెవరు పోస్తారమ్మా?" అంది. దాని కోసమే అనుకుంటూ దాన్ని తల్లి లేనిదాన్ని చేయబోయానే అని సిగ్గుతో చచ్చిపోయాను.

పురుడు నేనే పోశాను. మనవడికి ఇప్పుడు రెండేళ్లు. నా మాత్ర మార్చారు. శ్రమకాలంలో డాక్టరు గారిని అడిగి, తిండి మానకుండా టీ, మాంసం మానేస్తున్నాను. జట్టులో కొత్త పిల్లలు చేరితే కట్లు కట్టుకోవడానికి నేనే చెయ్యి చాపుతాను.

షుగరు మాత్ర వేసుకునేవారు ఉపవాసం ఉండాలనుకుంటే ముందే డాక్టరుకి దాచకుండా చెప్పండి. ఎప్పుడైనా షుగర్ పడిపోయి, పంచదార తిని తేరుకున్నా సరే, ఆసుపత్రికి వెళ్లండి. వంట ఆగిపోతుందని బెంగపడకండి. ఆ రోజు సాంబారు వెంకటలక్ష్మి దింపింది. బాగుందన్నారట కూడాను.