డాక్టరు చెప్పిన సైకిలు

నెదర్లాండ్స్‌లో రెండేళ్లు పనిచేసి వచ్చాక, హబ్సిగూడ నుంచి యూనివర్సిటీకి సైకిల్ మీద వెళ్లడం మొదలుపెట్టాను. ఎందుకని అడిగిన వాళ్లందరికీ విదేశీ కబుర్లు చెప్పేదాన్ని. అక్కడ మా పెద్ద ప్రొఫెసరు వానలో తడిసిన ప్యాంటుతోనే మీటింగులో కూర్చునేవాడని, ఎవరూ వింతగా చూసేవాళ్లు కాదని. జపాన్‌లో సెమినారుకు వెళ్తే, డెబ్బై దాటిన ఒకావిడ సైకిల్ బుట్టలో ముల్లంగి వేసుకుని నన్ను దాటిపోయిందని. అమెరికాలో మాత్రం హోటల్ కిటికీలోంచి కనబడే సెమినారు హాలుకు నడిచి వెళ్దామంటే ఫుట్‌పాత్ లేక కారు పిలిపించుకున్నానని. అన్నీ నిజాలే. నేను సైకిలెక్కడానికి కారణం మాత్రం వాటిలో ఒక్కటీ కాదు.

నాకు కారు నడపడమంటే భయం. తిరిగొచ్చిన కొత్తలోనే కారు కొన్నాం. ప్రొఫెసరన్నాక కారుండాలని ఇంట్లో అందరికీ ఉండేది, దాచడమెందుకు, నాకూ ఉండేది. మూడో రోజే తార్నాక సిగ్నల్లో బండి ఆగిపోయింది. వెనక సిటీ బస్సు హారను, పక్కన ఆటోవాళ్ల తిట్లు. తాళం వదిలేసి కిందికి దిగిపోయాను. కానిస్టేబుల్ బండిని పక్కకు తోయించాడు. మావారు వచ్చి ఇంటికి తెచ్చి అపార్ట్‌మెంట్ కింద పెట్టారు. ఆ తర్వాత నేను దాన్ని ముట్టుకోలేదు. యాభై ఏళ్ల మనిషిని, వందమందికి పాఠం చెప్పేదాన్ని, భయమని ఎలా చెప్పుకోను? పర్యావరణం అన్నాను.

నెదర్లాండ్స్‌లో సైకిల్‌ను చూసి ఎవరూ ఏమీ అడగరు. ఇక్కడ అడగని వాళ్లు లేరు. గేటు దగ్గర సెక్యూరిటీ అయితే రోజూ, "మేడం, కారు ఖరాబయిందా?" అనేవాడు. పాపం, అభిమానమే. ఆ అభిమానమే ముదిరి, ఒక ఆదివారం పొద్దున మా డిపార్ట్‌మెంట్ అటెండరు ముషీరాబాద్ నుంచి ఒక మెకానిక్‌ను వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. అటెండరు రిటైర్మెంటు దగ్గరపడ్డ పెద్దమనిషి.

"ఎన్ని దినాలు తొక్కుతరు మేడం సైకిలు? నాకు మంచిగనిపిస్తలేదు. మావోడు చూస్తడు," అన్నాడు.

మెకానిక్ బానెట్ లేపి ఏదో తగిలించి ఇంజను స్టార్ట్ చేశాడు. "బండికేం కాలె. నడపక బ్యాటరీ డౌనైంది, గంతే. ఒక రౌండ్ కొట్టండి మేడం," అన్నాడు.

ఇంజను నడుస్తూనే ఉంది. మళ్లీ నెదర్లాండ్స్ కబుర్లు మొదలుపెట్టబోయి మానేశాను.

"బండికేం కాలేదండీ. నాకే భయం," అన్నాను. అనేశాక ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇన్నాళ్లు మోసిన బరువు అక్కడే దిగిపోయింది.

అటెండరు మెకానిక్‌కు ఇంజను ఆపమని సైగ చేశాడు. "గిదా? ముందే చెప్తే అయిపోతుండె గద మేడం. రేపటి సంది ఎవ్వరడగరు. నేను చూసుకుంట."

నిజంగానే సోమవారం గేటు దగ్గర ఎవరూ అడగలేదు. మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో, పక్క సీటు గుంటూరావిడ నా చెయ్యి పట్టుకుని, "షుగరంట కదండీ! డాక్టరు సైకిల్ తొక్కమన్నారంట. మాకొక్క మాట చెప్పలేదేం?" అంది. మూడు దేశాలు కలిసి చెయ్యలేని పని, లేని డాక్టరు ఒక్కడు చేసిపెట్టాడు.

ఆ వారమే ఎవరిదో పుట్టినరోజు. గులాబ్ జామూన్ల ట్రే నా దాకా వచ్చి, జాలిగా చూసి, పక్కకు వెళ్లిపోయింది. గదికొచ్చి కూర్చున్నాను. అటెండరు తలుపు దగ్గరగా వేసి, ఫైళ్ల చాటున తెచ్చిన ప్లేటు బల్ల మీద పెట్టాడు. రెండు జామూన్లు.

"తినుండ్రి మేడం. గిది గూడ డాక్టరే రాసిండు."

రెండూ తిన్నాను. సాయంత్రం తార్నాక సిగ్నల్ దగ్గర ఎప్పటిలాగే సైకిల్ దిగి, నడిపించుకుంటూ దాటాను. వెనక బస్సు హారను కొడుతూనే ఉంది. కొట్టుకోనీ అనుకున్నాను.