మిద్దె మీది మట్టి

మా వదిన పోయింది. పోయిన మంగళవారం పొద్దున వల్లూరు నుంచి ఆమె కూతురు ఫోన్ చేసి, "అత్తా, అమ్మ పోయింది" అని ఆ ఒక్క మాటే చెప్పింది. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఆటో దొరుకుతుందో లేదో, నేను చేరేలోపల ఎత్తేస్తారేమో, పొయ్యి ఆర్పానో లేదో, తలుపు గొళ్ళెం పడిందో లేదో, ఇవే తలలో తిరిగాయి. రెండుసార్లు వీధి మలుపు దాకా పోయి రెండుసార్లూ వెనక్కి వచ్చి గొళ్ళెం చూసుకున్నాను. మూడోసారి పోయి ఆటో కోసం నిలబడి ఉంటే, అరుగు మీద కూర్చున్న ఒకాయన ఇంకొకాయనతో అన్నాడు: "భూకంపమ్మ పోయిందంటప్పా."

అప్పుడు వచ్చింది ఏడుపు.

మా ఊరు మంగళవాడలో ఆమెకు ముప్పై ఏళ్ళుగా అదే పేరు. ఎదుట కాదు, వెనకాల. ఆ పేరు రావడానికి కారణం నేను, నేను చెప్పిన ఒక అబద్ధం. చదివేవాళ్ళకు ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే ఆ చోటికి వచ్చేసరికి ధైర్యం చాలక దాటేస్తానేమోనని భయం. నాది నాలుగో తరగతి చదువు, రాత వంకర పోవచ్చు. అయినా ఆమె మీద పడిన ఆ పేరును దించే మనిషి నేను తప్ప ఇంకెవరూ మిగల్లేదు.

వదిన అంటే మా ఇంటాయనకు అక్క. చిన్న వయసులోనే మొగుడు పోతే కూతుర్ని చంకనేసుకొని పుట్టిన ఊరికే వచ్చేసింది. మా వెనక వీధిలో ఒంటి గది ఇల్లు, ఊళ్ళో బడిలో ఆయా పని. గదులు ఊడ్చడం, గంట కొట్టడం, కుండల్లో నీళ్ళు నింపడం. మా ఊరు కన్నడ రాష్ట్రంలో ఉంది, ఇళ్ళల్లో తెలుగే అయినా పాఠాలు కన్నడంలో జరిగేవి. భూగోళం చెప్పే మేష్ట్రు గొంతు పెద్దది. వదిన వసారాలో గోడకు ఆనుకొని కూర్చొని వినేది. సాయంత్రం మా వంటింటికి వచ్చి అదంతా తెలుగులో నాకు చెప్పేది.

బడిలో గుండ్రటి భూమి బొమ్మ ఒకటి ఉండేది. దాని దుమ్ము తుడిచేది ఆమే. తడిగుడ్డతో తుడిచి తుడిచి సముద్రం నీలం పోయి అక్కడక్కడా తెల్లబడింది. మేష్ట్రు కోప్పడితే, "నేనేం చేసేది సార్, గుడ్డ యాడ పెట్టినా నీళ్ళే ఉండాయి" అనిందట. మేము ఇద్దరమూ సముద్రం చూసినవాళ్ళం కాదు. అందులో ఉప్పు ఎక్కడిదని నేను అడిగితే, భూమి మీది రాళ్ళలోదే అనింది. వాన కొండను కడుగుతుంది, ఏరు మోసుకుపోతుంది, సముద్రంలో నీళ్ళు ఆవిరై పోతాయి గానీ ఉప్పు మిగిలిపోతుంది, అట్లా ఎన్నో యుగాలుగా చేరిందట. నాకు వెంటనే దిగులు పట్టుకుంది. అయితే మన కొండ కరిగిపోతుందా అన్నాను.

"మన కాడ వాన పడితే కదా మే కొట్టుకపోయేది. మన కొండకేం భయం లేదు" అనింది.

అవి వరసగా కరువులు వచ్చిన సంవత్సరాలు. ఒక ఏడు వాన రాదు, ఒక ఏడు వేరుశెనగ ఊడలు మట్టిలోకి దిగి కాయ పట్టే వేళకు మొహం చాటేస్తుంది. అటువంటి రోజుల్లో కూడా ఆమె నన్ను నవ్వించేది.

భూమి ఎందుకు కదులుతుందో ఆమె నాకు చెప్పింది సంగటి పొయ్యి దగ్గర. మా అత్త అయితే ఆదిశేషుడు భుజం మార్చుకుంటాడని చెప్పేది. వదిన ఒప్పుకోలేదు, పాపం పాము మీద నింద ఎందుకు వేస్తారని. ఎసట్లో నూక ఉడుకుతుంటే నేను రాగిపిండి కుప్పగా పోశాను. కెలకకుండా వదిలేస్తాం కదా, పిండి పైన గట్టిగా నిలబడి ఉంటుంది. కింద ఎసరు కుతకుతమంటుంటే ఆ పిండి పలకలుగా చీలుతుంది. ఒక పలక పక్కకు జరుగుతుంది, ఒకటి ఇంకోదాని కిందికి పోతుంది, బీటలో నుంచి ఎసరు పైకి ఉబుకుతుంది. వదిన గరిటె కాడతో చూపించింది.

"ఇదే భూమి. మనం ఈ పైన పిండి మీద ఉండాం. మన పలక ఉత్తరానికి పోతా ఉండాది, నీ గోరు పెరిగినంత మెల్లగా. పోయి పోయి అవతలి పలకను గుద్దితే హిమాలయం లేసింది."

"అంటే మన చేను కూడా పోతా ఉండాదా వదినా?"

"చేనూ పోతాది, గట్టూ పోతాది, పక్కనోడి చేనూ పోతాది. ఇంక తగాదా యాడిది?"

ఆమె నవ్వింది. నేను మాత్రం ఆ తర్వాత చాలా రోజులు రాగిపిండి పోసిన వెంటనే, బీట పడకముందే, గబగబా కెలికేసేదాన్ని. నాకు దిగులు పుట్టుకతో వచ్చింది. వదిన అదే చెప్పేది: "దిగులు పడు, వద్దనను. పడినాక ఊరికే కూర్చోకుండా దానికి ఒక పని చెప్పు."

ఒక ఏడాది, వినాయకుణ్ణి నీళ్ళలో వదిలిన మరుసటి తెల్లవారుజామున, మహారాష్ట్రలో పల్లెలు కూలిపోయాయి. ఊళ్ళకు ఊళ్ళు నిద్రలోనే పోయాయని రేడియోలో చెప్పారు. రెండు రోజులకు వదిన బడి నుంచి కన్నడ పేపరు తెచ్చి నా ముందు పరిచింది. అందులో ఫోటో. గుట్టగా రాళ్ళు, మట్టి, మధ్యలో విరిగిన దూలాలు.

"చూసినావా. ఇది మన ఇల్లే" అనింది.

నిజమే. మాదీ రాతి గోడలే, మట్టితో పేర్చినవి. పైన దూలాలు, వాటికి అడ్డంగా దంతెలు, చెక్కలు, వాటి మీద మట్టి, అదే మిద్దె. ఆ మట్టి సంగతి చెప్పాలి. మా వైపు ఎండాకాలం చివర్లో బండెడు చౌడు మట్టి తోలి మిద్దె మీద పోస్తారు. చౌడుకు తడి తగిలితే పూత వేసినట్టు బిగుసుకుంటుంది, నీళ్ళు దిగవు. వాన వచ్చినా రాకపోయినా ఏటా పోస్తారు. ఒక ఏడు పొయ్యకపోతే ఆ ఇంటివాళ్ళకు వాన మీద నమ్మకం పోయిందంటారు. పోసేవాళ్ళే గానీ పాతది తీసేవాళ్ళు ఎవరూ లేరు. మా మామ పోశాడు, ఆయన తండ్రి పోశాడు, వాళ్ళ మీద మేము పోశాం.

వదిన చెప్పింది, మేష్ట్రు అంతకుముందు మన వైపు నేల పాత రాయి, కదలదు అనేవాడట. ఇప్పుడు ఆయనే, పాత రాయిలో కూడా లోపల ఎక్కడో బీట ఉండొచ్చు, ఒత్తిడి కూడుకొని కూడుకొని ఒకనాడు జారుతుంది, ఎక్కడ ఎప్పుడు అని ఎవరూ చెప్పలేరు అన్నాడట. ఆమె మా మిద్దె కిందనే నిలబడి తల ఎత్తి చూస్తూ అనింది: "భూమి కదిలింది అంతే మే. చంపింది నెత్తిమీది మట్టి."

మా పిల్లలిద్దరూ పడుకునేది ఆ దూలం కిందే. నా సంగతి ఇంక చెప్పాలా. మా ఇంటాయన నవ్వేవాడు. "అక్కా, నీ భూకంపం ఏ బస్సుకు వస్తాదో చెప్పు, ఎదురు పోయి పిల్చుకొస్తా" అనేవాడు. వదిన పంతం వదల్లేదు. పాత మట్టంతా దించి పల్చగా కొత్తది వెయ్యమంది. ఆమె పగలు చెప్పి పోతే ఆ మాటే నేను ఇంట్లో పొద్దస్తమానం సణిగేదాన్ని. ఎండాకాలం వచ్చేసరికి విసిగిపోయి ఒప్పుకున్నాడు.

వదిన ముందే ఒక షరతు పెట్టింది. విత్తనాల వేరుశెనగ మూటలు మా లోపలి గదిలో ఉన్నాయి. వచ్చే ముంగారు తొలి వానకు విత్తాల్సినవి, అవి పోతే ఏడాది పోయినట్టే. "మిద్దె విప్పకముందే మూటలు ఇంకో ఇంట్లో యాడన్నా పెట్టు. వానను నమ్మొద్దు" అనింది. సరే అన్నాను. కానీ విత్తే రోజుకు ముందు విత్తనం ఇంటి గడప దాటకూడదని మా అత్త చెప్పిపోయింది. దాటితే ఏమవుతుందో అని భయం. దాటకపోతే వాన వస్తుందేమో అని భయం. ఎటూ తేలక మూటల మీద నాలుగు గోనెపట్టలు కప్పి మూలకు జరిపాను. పని మొదలయ్యే ముందు వదిన అడిగింది, మూటలు పెట్టినావా అని. పెట్టినాను అన్నాను. ఎక్కడ అని ఆమె అడగలేదు. నా మాట నమ్మింది.

కూలివాళ్ళు మట్టి తవ్వుతుంటే వదిన నిచ్చెన ఎక్కి మిద్దె మీదికి వచ్చింది. గడ్డపార సగానికి పైగా దిగింది, ఇంకా చెక్క తగల్లేదు. తవ్విన అంచు చూస్తే గీతలు గీతలుగా ఉంది. తెల్లటి చౌడు, దాని కింద బూడిద రంగు, దాని కింద ఎర్రమన్ను. ఆమె అంచున కూర్చొని వేలితో చూపిస్తూ పోయింది. అడుగున ఉండేది పాతది, భూమి కూడా ఇట్లాగే పొరలు పొరలు, పై నుంచి కిందికి చదువుకోవచ్చు అని. వేరుశెనగ పొట్టు కలిసిన పొర నేను కాపురానికి వచ్చినాక పోసింది. దానికి బాగా కింద పల్చటి నల్ల పొర దగ్గర ఆమె వేలు ఆగింది.

"ఇది మా నాయన వేసింది. నేను తట్ట అందించినా" అనింది. కొంచెంసేపు దాని మీద చెయ్యి పెట్టి, లేచి, కూలివాళ్ళతో, ఇది కూడా తీసెయ్యండి అని చెప్పింది.

ఎవరూ బరువు వేద్దామని వెయ్యలేదు. పిల్లలు తడవకూడదనే వేశారు. అదంతా కలిసి ఆ బరువైంది.

రెండో రోజు సాయంత్రానికి చెక్కలు బయటపడ్డాయి. కొత్త మట్టి మరునాడు పొయ్యాలి. ఆ సాయంత్రమే గాలి లేచింది, ఆరు నెలలుగా కనబడని మబ్బు కొండ మీదికి వచ్చింది. వడగళ్ళతో కలిసి వాన. చెక్కల సందుల్లో నుంచి నీళ్ళు లోపలి గదిలోకి ధారలుగా కారాయి. తెరిపి ఇచ్చాక మా ఆయన మూటలు ఈడ్చాడు. నీళ్ళు కారుతున్న మూటలు. కూలివాళ్ళు చూస్తున్నారు, వదిన గడప దగ్గర నిలబడి ఉంది. ఆయన నన్ను అడిగాడు, ఇవి ఈడ ఎందుకుండాయి అని. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

నేను అన్నాను: "వదినే ఏమీ కాదులే, ఆడనే ఉండనీ అనింది."

వదిన నా మొహం చూసింది. నేను ఆమె కాళ్ళు చూశాను. చీర కొంగు తల మీద వేసుకొని ఆ బురదలోనే వెళ్ళిపోయింది.

కాయలు ఎండబెట్టినా లాభం లేకపోయింది. కొన్ని ఉబ్బి మొలకెత్తాయి, మిగతావి బూజు పట్టాయి. ఆ ఏడు మా చేనులో ఉలవలు తప్ప ఏమీ లేవు. అడిగినవాళ్ళందరికీ నేను వదిన పేరే చెప్పాను. ఒక అబద్ధం చెప్పినాక దాన్ని రోజూ మేపాలి కదా. ఆమె భూకంపం నా విత్తనాన్ని తినిందని కుళాయి దగ్గర అన్నాను. నలుగురూ నవ్వారు. వారం తిరగకముందే భూకంపమ్మ అనే పేరు వీధిలో తిరిగింది. బడి పిల్లలు కూడా ఆమె గంట కొట్టేటప్పుడు, అదిగో భూమి కదిలింది అనేవాళ్ళు. ఆమె గంట కొట్టి తన పాటికి తాను చీపురు పట్టుకునేదట. మా ఇంటికి రావడం మానేసింది.

కొన్నేళ్ళకు ఒక మధ్యాహ్నం భూమి లోపల ఏదో దబ్బుమంది. గూట్లో గిన్నెలు గలగలమన్నాయి. అందరం వీధిలోకి పరిగెత్తాం. ఎవరి ఇల్లూ కూలలేదు, గోడ కూడా పగల్లేదు. క్వారీలో మందు పేల్చి ఉంటారని కొందరు, కాదని కొందరు. అందరూ ఇళ్ళ నుంచి బయటికి వస్తుంటే వదిన ఒక్కతే బడి నుంచి మా ఇంటి వైపు వస్తూ కనబడింది, ఎండలో, చెప్పులు కూడా లేకుండా. గడప బయటే నిలబడి లోపలి మిద్దెను ఈ మూల నుంచి ఆ మూల దాకా చూసింది.

"పిల్లోళ్ళు యాడ?"

"ఈడనే ఉండారు వదినా."

సరే అని వెనక్కి తిరిగింది. నేను అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. సంగటి ఉండాది, తిని పో వదినా అని మాత్రమే అనగలిగాను. వచ్చి తినింది. ఆ రోజు నుంచి మళ్ళీ రాకపోకలు. కుళాయి దగ్గర అన్న మాటను మాత్రం నేను వెనక్కి తీసుకోలేదు. ఒకసారి ధైర్యం చేసి, అంత చేసినా భూకంపం రానేలేదు కదా వదినా అన్నాను. రాకపోతే మంచిదే కదా మే అనింది. బడి పని వదిలి వల్లూరులో కూతురి దగ్గరికి చేరినాక కూడా ప్రతి ఎండాకాలం మా ఇంటికి వచ్చి ఒక్క మాట గుర్తు చేసేది: ఎంత పోస్తారో అంత దించండి.

మా ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది. నిజం తెలియకుండానే పోయాడు. మంగళవారం వల్లూరులో అంతా అయిపోయాక, వదిన కూతురు ఒంటరిగా దొరికినప్పుడు ఆమెకు మొత్తం చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. ఆమె నా చేతిలో నీళ్ళ చెంబు పెట్టి అనింది: "నాకు తెలుసత్తా. అమ్మ ఎప్పుడో చెప్పింది. ఆ పొద్దు మీ మామ ఉండే కోపానికి, నేను నిజం చెప్పింటే మీ అత్త మీద పడుండు, అసలే భయస్తురాలు, ఇంకో బరువెందుకని ఊరుకున్నా అనింది."

తెలిసి మోసింది. ముప్పై ఏళ్ళు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నా పక్కన రాయచెర్లు ఊరామె ఒకతె కూర్చుంది. నా మొహం చూసి ఎవరు పోయినారమ్మా అని అడిగింది. మా వదిన అని చెప్పి, ఇంక ఆగలేకపోయాను. రెండు పక్కలా సోలార్ పలకలు పోతూ ఉన్నాయి, ఒకప్పుడు అవన్నీ వేరుశెనగ చేలు. మూటల సంగతి, నా అబద్ధం సంగతి, ఊరు పెట్టిన పేరు సంగతి, ఏదీ దాచకుండా గట్టిగా చెప్పాను. ఆటో నడిపే అతను కూడా పాట ఆపి విన్నాడు.

"మళ్ళ ఆ భూకంపం మీ ఊరికి వచ్చిందా?" అని ఆమె అడిగింది.

"రాలేదు తల్లీ. వచ్చింటే మా వదిన ఎవరో అందరికీ తెలిసుండు."

మీ ఇల్లు ఎట్లాంటిది అని నేనే అడిగాను. మట్టి మిద్దేనట, తాత కట్టించింది, ఇప్పటికీ ఏటా చౌడు పోస్తారట.

"ఎంత మందం ఉండాది?"

ఆమె ఎడమ చెయ్యి చాచి, కుడి అరచేతిని మణికట్టు దగ్గర పెట్టింది. కాదన్నట్టు తల ఊపి మోచేతి దాకా జరిపింది. అక్కడ ఆగి ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు బయటికి చూసింది. అరచెయ్యి మళ్ళీ మెల్లగా భుజం వైపు కదిలింది.