కళ్లకద్దుకున్న యుద్ధం

పిల్లి ఎదురైతే దారి మార్చుకునే నాకు యుద్ధ చరిత్ర పుస్తకాలు పోగేసే పిచ్చి. రెండో జర్మనీ యుద్ధం రోజుల్లో, మాచర్ల బండిలో, మొదటి యుద్ధం మీద ఒక ఇంగ్లీషు పుస్తకం చదువుతున్నాను. దాని నిండా పటాలాలు నడిచిన దారుల పటాలే.

ఎదుటి బల్ల మీద గళ్ల తువ్వాలు పెద్దాయన నరసరావుపేట నుంచీ నన్నే చూస్తున్నాడు. సీఐడీ అని నా అనుమానం. పుస్తకాన్ని కండువాలో దాచబోయి, అసలు గూఢచారి కంటే నేనే గూఢచారిలా కనిపించి ఉంటాను.

పిడుగురాళ్లలో పోలీసు జవాను ఎక్కి, సోదా చేస్తూ పుస్తకం లాక్కున్నాడు.

"ఏంది ఈ పటాలు? ఎవరికి చేరేస్తన్నావు? పద స్టేషనుకు."

పెద్దాయన లేచి, జవాను చేతిలోని పుస్తకాన్ని తీసుకుని కళ్లకద్దుకున్నాడు.

"మన పల్నాటి వీరుల పుస్తకంరా అబ్బాయ్. బూట్లేసుకొని ముట్టుకుంటివే?"

ఇంగ్లీషు రాని జవాను కంగారుగా బూట్లు విప్పి, తనూ కళ్లకద్దుకుని, పుస్తకం నా ఒళ్లో పెట్టి దిగిపోయాడు.

"తమరెవరండీ?" అన్నాను.

"నన్నడగమాక. నిన్ను నేనడగను."

గురజాలలో ఆయన ప్లాట్‌ఫారం లేని వైపు దిగి, పట్టాలు దాటి వెళ్లిపోయాడు.

ఆయనెవరో ఈనాటికీ అనుమానమే. ఆ పుస్తకం మాత్రం కళ్లకద్దుకునే తెరుస్తాను.