ముక్కుపుడక మీద సబ్బు

మా అమ్మ పెళ్లికి ముందు కోడంబాక్కం స్టూడియోల్లో గుంపులో నిలబడే వేషాలు వేసేది. మాటలుండవు, తెర మీద పేరు పడదు. ఒక పాత నలుపు తెలుపు సినిమాలో పెళ్లి సీను ఉంది. పెళ్లికొడుకు రాగానే వెనక వరసలో ఆడవాళ్లంతా ఒక్కసారి తల తిప్పుతారు. అందులో ఒక ముక్కుపుడక చటుక్కున మెరుస్తుంది. అది మా అమ్మ. అక్కడితో ఆవిడ సినిమా అయిపోతుంది.

అసలు అది మెరవకూడదట. నగల తళుకు కెమెరాకి కొడుతుందని మేకప్పాయన వచ్చి అందరి రాళ్ల మీదా సబ్బు రుద్ది వెళ్లాడు. ఆయన అటు తిరగ్గానే అమ్మ కొంగుతో తుడిచేసుకుంది. ఈ సంగతి చెప్పేటప్పుడు ఆవిడ గర్వం చూడాలి, సినిమా మొత్తం తనే తీసినట్టు.

మా ఇంట్లో ఆ సినిమా డిస్కు పెట్టినప్పుడల్లా ఒక ఆనవాయితీ. బొమ్మ నిండా పాత ఫిల్ము గ్రెయిన్, ఉప్మా రవ్వ చల్లినట్టు సన్నగా కదులుతూనే ఉండేది. ఆ రవ్వలో వెనకవాళ్ల మొహాలు సరిగ్గా ఆనేవి కావు. మెరుపు కోసం కాచుకుని, నేనూ చెల్లెలూ "అదిగో!" అని అరిచేవాళ్లం. అమ్మ సిగ్గుపడి మొహానికి కొంగు అడ్డం పెట్టుకునేది. ప్రతిసారీ అంతే.

అమ్మ పోయాక ఈ ఇంట్లో నేనొక్కదాన్నే. చెల్లెలు చూలై పేటలో ఉంటుంది. ఒకే ఊరు, అయినా కలవడమంతా ఫోనులోనే. మొన్న ఆ సినిమాని కంప్యూటరుతో శుభ్రం చేసి నెట్‌లో పెట్టారని తనే లింకు పంపింది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఇద్దరం ఎవరింట్లో వాళ్లం చూస్తున్నాం.

"చూస్తివాక్కా, ఎంత క్లీనుగా ఉండాదో! నిన్న తీసినట్టే ఉండాది."

క్లీనే, ఎందుకు కాదు! గ్రెయినంతా తుడిచి పారేశారు. మొహాల మీద చర్మం పోయి మైనం మిగిలింది. అది చాలదన్నట్టు బొమ్మకి పదును పెట్టారు, ప్రతి మనిషి చుట్టూ ఒక తెల్లగీత. ఎవరడిగారు వీళ్లని? నాకు ఒళ్లు మండింది.

పెళ్లి సీను వచ్చింది. అలవాటుకొద్దీ "అదిగో" అనబోయాను. మెరుపు రాలేదు. వెనక్కి జరిపి మళ్లీ చూశాను. లేదు. క్షణంలో వచ్చి పోయే తెల్లచుక్కని దుమ్మనుకుని ఆ కంప్యూటరు చెరిపేసి ఉంటుంది. ఆనాడు సబ్బు వల్ల కానిది ఇన్నాళ్లకి దాని వల్ల అయింది.

"అమ్మ యాడుండాదిక్కా?" అంది చెల్లెలు.

ఎడమ చివర ఆవిడా? స్తంభం పక్కన ఆవిడా? అందరూ నున్నగా, ఒకే అచ్చులో పోసినట్టున్నారు. ఇన్నేళ్లూ నేను మెరుపునే చూశాను, దాని వెనక మొహాన్ని చూడలేదు. కన్నతల్లిని గుర్తుపట్టలేకపోయాను. అమ్మ పోయిన రోజు కూడా నాకింత ఒంటరిగా అనిపించలేదు.

"పోనీలేక్కా, యాడో ఒక చోట ఉంటాది. ప్రింటు మాత్రం సూపర్," అని, పొయ్యి మీద పాలున్నాయంటూ ఫోను పెట్టేసింది.

పాత డిస్కు వెతికి పెట్టాను. గీతలు పడి ఆగి ఆగి నడిచింది. తెర మీద మళ్లీ రవ్వ కదిలింది. పెళ్లికొడుకు వచ్చాడు, వరసంతా తల తిప్పింది. స్తంభం పక్కన చటుక్కున మెరిసింది.

"అదిగో!" అన్నాను, పైకే.

పక్కకి తిరిగి చూశాను. కొంగు అడ్డం పెట్టుకోవడానికి ఎవరూ లేరు.