రాసి ఉందన్న మాట

మా సంఘంలో మొగుడు పోయిన ఆడవాళ్లను గుళ్లో రొట్టె పంచే ప్రభువు బల్ల దగ్గరికి రానిచ్చేవారు కాదు. అందరూ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకుని తమ తమ చోట్ల కూర్చున్నాక, మిగిలిన తుంపులు గుమ్మం పక్కన వెనకగోడకు ఆనుకుని కూర్చున్న విధవరాళ్ల చేతుల్లో పడేవి. అట్లా కూర్చున్న ముగ్గురిలో మా అమ్మ ఒకతె. ఇదేమని అడిగితే, గ్రంథంలో రాసి ఉందన్నారు. రాసి లేదు.

ఆంధ్రరాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయిన కొత్తలు. మార్కాపురం, గిద్దలూరు అప్పుడు కర్నూలు జిల్లాలోనే ఉండేవి. మాది మార్కాపురానికి నడిచి పోగలిగినంత దూరంలో ఒక పల్లె. కూలికి పోయే ఇళ్లే అన్నీ. మా తాతల కాలంలోనే క్రీస్తును నమ్ముకున్నాం. గుడి అంటే మట్టిగోడలు, పైన బోదగడ్డి కప్పు. పాస్టరుగారు నెలకొకసారి ఎద్దులబండిలో వచ్చి రొట్టె విరిచి పోయేవాడు. ఆ విధవరాళ్లు గోడ దగ్గర ఎందుకున్నారో ఆయన ఏనాడూ అడగలేదు. చదువుకున్న మనిషి కదా, అడగాలి కదా! ఆ కోపం నాకు ఇప్పటికీ తీరలేదు. మిగతా ఆదివారాలు మా ఉపదేశే వాక్యం చదివి అర్థం చెప్పేవాడు. ఊళ్లో అక్షరం వచ్చినవాడు ఆయన ఒక్కడే. వరసకు నాకు మామ.

మా నాయన జ్వరంతో పోయిన తర్వాతి ఆదివారం, అమ్మ ఎప్పటిలాగే ముందు చాప మీద కూర్చోబోయింది. ఉపదేశి మెల్లగానే అన్నాడు, “చెల్లెమ్మా, నీ చోటు మారింది గదా.” అమ్మ లేచి వెనక్కి పోయింది. ఆమె పోయిన తీరు చూస్తే, ఆ చోటు తనదేనని ఆమెకు ముందే తెలుసు అనిపించింది. నాకు ఒళ్లు మండింది.

“యాడ రాసుంది మామా అట్ల?” అని బయటికొచ్చాక అడిగాను.

“ఉందిలే. నీకు చూపిస్తే మాత్రం ఏం తెలుస్తాది? తలకిందులుగా పట్టుకుంటావు” అని నవ్వాడు. పక్కనున్నవాళ్లూ నవ్వారు.

ఆ నవ్వుకే నేను చదువు నేర్చుకున్నాను. నాకప్పటికి మీసాలొచ్చాయి. పలకల గనిలో పని చేస్తున్నాను. రాతిపొరలు విడదీస్తుంటే విరిగిన ముక్కలు గుట్టలుగా పడేవి. పలకలు సైజు చూసి కట్టలు కట్టించే సాయిబు ఒకాయన ఉండేవాడు. మధ్యాహ్నం సంగటి తినేవేళ ఆయన ఒక ముక్క మీద అక్షరం గీసిస్తే, నేను ఇంకో పది ముక్కల మీద దిద్దేవాణ్ణి. “పలకలకు ఇదేం కరువురా, దేశమంతా మనం పంపించిన పలకల మీదనే దిద్దుతుంటే” అనేవాడు. ఏడాది తిరిగేసరికి ఒత్తులతో సహా వచ్చింది. బడి మెట్టు ఎక్కినవాణ్ణి కాను. ఇప్పుడు డిగ్రీలు చేతిలో పట్టుకుని అర్జీ రాయడం రాదనే కుర్రవాళ్లను చూస్తే నాకు మాట ఆగదు.

గ్రంథం మా ఊరికంతా ఒక్కటే. అది ఉపదేశి దగ్గర ఉండేది. ఇస్తాడో ఇవ్వడో అనుకున్నాను గానీ అడగ్గానే ఇచ్చాడు. “గుళ్లోనే కూచొని చదువు. ఆకులకు తడి చేతులు పెట్టబాక” అన్నాడంతే. ఆదివారం మధ్యాహ్నాలు నేను కూడబలుక్కుంటూ చదువుతుంటే, ఆయన గడప మీద తాడు పేనుకుంటూ వినేవాడు. తప్పు చదివితే తలెత్తకుండానే సరిదిద్దేవాడు. ఆయన మీద కోపంతో మొదలుపెట్టిన చదువును ఆయన చేతనే దిద్దించుకున్నాను. న్యాయంగా అది కూడా చెప్పాలి.

రెండు ఎండాకాలాలు పట్టింది. విధవరాలి మాట వచ్చినచోటల్లా చొప్పపుల్ల పెట్టుకుంటూ పోయాను. ఆమెకు న్యాయం తీర్చమని ఉంది. కోత కోశాక చేలో రాలిన పరిగె ఆమెకు వదిలిపెట్టమని ఉంది. ఆమెను బాధపెట్టినవాడికి చీవాట్లు ఉన్నాయి. వెనకగోడ మాత్రం ఎక్కడా లేదు. చివర్లో అపొస్తలుడు రాసిన ఉత్తరాల్లో, మనిషి తన మనసును కొత్తది చేసుకుని మారిపోవాలన్న మాట దొరికింది. దాన్ని ఉపదేశి మొహాన విసరాలని బట్టీపట్టాను.

ఆ వారమే, గనికి పోతుంటే మా వీధి చివర ఒక అత్త కట్టెలమోపుతో ఎదురొచ్చింది. ఆమె కూడా గోడ దగ్గర కూర్చునే మనిషే. నేను గిరుక్కున తిరిగి ఇంటికొచ్చి, చెంబెడు నీళ్లు తాగి అరుగు మీద కూర్చున్నాను. మా దగ్గర అందరూ చేసే పనే. విధవ ఎదురైతే అట్లా కాసేపు కూర్చుని మళ్లీ బయలుదేరాలి. గనిలో గట్టు ఎప్పుడు విరిగి మీద పడుతుందో తెలియదు కనుక ఆ భయం మాకు ఎక్కువ.

“ఏంది నాయనా, వెనక్కొచ్చినావు?” అంది అమ్మ.

“తువ్వాల మర్సిపోయినా.”

తువ్వాల నా భుజం మీదే ఉంది. అమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది, లోపలికి పోయింది.

నాకు అప్పుడు తెలిసింది. గ్రంథమంతా చదివినా, నా మనసులో ఆ గోడ అట్లాగే ఉంది. సాయంత్రం ఆ అత్త ఇంటికి పోయి, “అత్తా, పొద్దున నిన్ను చూసే తిరిగిపోయినా” అని ఒప్పుకున్నాను.

“తెలుసులేరా. నా మొగుడున్నప్పుడు నేనూ అట్లనే తిరిగిపోయేదాన్ని” అంది ఆమె, చేటలో గింజలు ఏరుతూనే.

మర్నాటి నుంచి ఒక పని పెట్టుకున్నాను. గనికి బయలుదేరేటప్పుడు, “అమ్మా, ఎదురు రా” అనేవాణ్ణి. మొదటిరోజు అమ్మ తలుపు వెనక దాక్కుంది. నేను కదల్లేదు.

“పనికి పొద్దుపోతాంది, పో నాయనా.”

“నువ్వు ఎదురొస్తేనే పోతా.”

“నీకేమన్నా అయితే? ఉన్నది నువ్వొక్కడివే.”

“ఏమన్నా అయితే ఆ రాయి వల్లనే అయితాది, నీ వల్ల కాదు.”

చివరికి ఏడుస్తూ నాలుగడుగులు వేసింది. ఆమెను దాటుకుని పోయాను. సాయంత్రం వచ్చేసరికి వీధి మొగదల నిలబడి ఉంది. నా పది వేళ్లూ తడిమి చూసింది. అట్లా రోజూ. పక్కింటివాళ్లు “తల్లిని ఎదురు రమ్మనే కొడుకును యాడా చూళ్లేదు” అని బుగ్గలు నొక్కుకున్నారు. నెల తిరిగేసరికి నేను పిలవకముందే అమ్మ వాకిట్లో ఉండేది. ఒకరోజు, “నీ దేవుడు నా మీద గుర్రుగా లేడురా” అని తనలో తానే అనుకున్నట్టు అంది. నేను చదివిన పుటలన్నీ కలిపినా ఆ మాటకు సరిపోవు.

ఆ ధైర్యంతోనే ఆదివారం ఆరాధనలో లేచి నిలబడ్డాను. “మామా, అంతా చదివినా. విధవరాళ్లు బల్లకాడికి రాకూడదని యాడ రాసుందో చూపియ్యి.”

“పలకలు కొట్టేవానికి ఉపదేశి పని కావాల్నంట” అని ఎవరో అన్నారు. నవ్వులు. ఈసారి ఉపదేశి నవ్వలేదు. గ్రంథం తెరిచాడు, మూశాడు.

“చూపిస్తా. రొట్టె విరిచే ఆదివారం నాటికి చూపిస్తా” అన్నాడు.

మూడు వారాలు ఆయన కూలికి పోలేదు. పొద్దునే గుడి గడప మీద గ్రంథం పెట్టుకుని కూర్చునేవాడు. నేను దారిన పోతుంటే తలెత్తేవాడు కాదు.

ఆ ఆదివారం పాస్టరుగారు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి నిలబడ్డాడు. ఉపదేశి ఆయన్ను ఆగమని చెయ్యి చూపించి, మా మధ్యకు వచ్చాడు. అప్పుడాయన అన్నది విని మా అమ్మ ముసుగు సర్దుకుని లేచింది. ఆమె వెనక మిగతా ఇద్దరూ లేచారు. చాపల మీదున్న కొత్తకోడళ్లు కాళ్లు ముడుచుకుని దారిచ్చారు. ఎవరికీ ఏ కీడూ జరగలేదు. ఆ యేడు పెళ్లయిన పిల్లలందరూ ఇప్పుడు మనవళ్ల పెళ్లిళ్లు చేశారు. ఆ గోడ దగ్గర మళ్లీ ఎవరినీ కూర్చోబెట్టలేదు. గుడి పక్కాది కట్టినప్పుడు అక్కడ తలుపు పెట్టించారు.

పెద్దవాళ్లు తప్పు ఒప్పుకోరని నాకు చెప్పవద్దు. ఒప్పుకోగా నేను చూశాను. మా ఉపదేశి అందరి ముందూ నాకిచ్చిన జవాబు ఇది:

“మొదటి ఆకు నుంచి కడాకు దాకా చూసినా అల్లుడా. యాడా లేదు. మా యమ్మ ఆ గోడకాడ్నే కూచొని కూచొని సచ్చిపోయింది. రాసుందని ఆమెకు చెప్పినోణ్ణి నేనే. చెల్లెమ్మా, లెయ్యి. ఈ పొద్దు మొదటి రొట్టె నీకే.”