పరీక్ష రోజు రావద్దన్నాను

నేను నానక్‌రామ్‌గూడ సర్కారు బడిలో ఐదో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. పొద్దున్నే మణికొండలో షేర్ ఆటో ఎక్కితే, నా పక్కన కూర్చున్నవాళ్లంతా మెడలో కంపెనీ కార్డులు వేసుకుని ఫోన్లు చూసుకుంటూ ఉండేవారు. నా ఒళ్లో మాత్రం దిద్దాల్సిన నోటుపుస్తకాల సంచి ఉండేది. మా అమ్మావాళ్లది ఏలూరు వైపు. నేను పుట్టి పెరిగింది ఇక్కడే కాబట్టి నాకు ఇంట్లో ఒక యాస, బడిలో ఒక యాస. కోపం మాత్రం రెండు చోట్లా ఒక్కటే. ఆ సంగతి ముందే ఒప్పుకోవడం మంచిది.

ఆ ఏడాది రాష్ట్రమంతా ఐదో తరగతి పిల్లలకు ఒకే రోజు, ఒకే పేపరుతో పరీక్ష పెట్టాలని ఉత్తర్వు వచ్చింది. ఆ మార్కులు పిల్లల కోసం కాదు, బడి కోసం. ఏ బడిలో ఎంతమంది చదవగలరు, ఎంతమంది లెక్కలు చేయగలరు అని చూసి మండలంలోని బడులన్నిటికీ వరుస కడతారు. అడుగున వచ్చిన బడి పెద్దసారును సమావేశంలో లేపి అందరి ముందూ కారణం అడుగుతారు. అంతకు ముందు ఏడాది మండలం వరకు పెట్టిన ఇలాంటి పరీక్షకే మా పెద్దసారు అలా నిలబడి వచ్చారు. ఆయన చెడ్డ మనిషేమీ కాదు. పిల్లలకు వడ్డించే ముందు పప్పు ఉడికిందో లేదో తానే తిని చూసేవారు. ఆ సమావేశం నుంచి తిరిగొచ్చిన రోజు మాత్రం తన గదిలో లైటు కూడా వేసుకోకుండా సాయంత్రం దాకా కూర్చున్నారు.

మా ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏటా రేటింగుల రోజుల్లో అన్నం సయించదు. మా బడికీ ర్యాంకులు వచ్చాయని చెబితే, మా తిప్పలు మీకూ తగులుకున్నాయా అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నెలన్నర పాటు పాఠాలు పక్కన పెట్టి పిల్లల చేత గుండ్రాలు నింపించాం. ప్రశ్నకు నాలుగు జవాబులుంటాయి, ఒక్కో జవాబు పక్కన ఒక్కో గుండ్రం ఉంటుంది, సరైనదాన్ని పెన్నుతో నింపాలి. బాగుంటుందని నాలుగూ నింపేసేవాళ్లు కొందరు. తరగతిని మూడు గుంపులు చేశాం. మూడో గుంపు అంటే ఎంత చెప్పినా రానివాళ్లని మా లెక్క. హాజరుపట్టీలో వాళ్ల పేర్ల పక్కన పెన్సిల్‌తో సన్నగా చుక్క పెట్టుకునేవాళ్లం. నా పట్టీలో నాలుగు చుక్కలుండేవి.

ఆ నాలుగింటిలో ఒకటి పాలమూరు వైపు నుంచి వచ్చిన పిల్లది. తల్లిదండ్రులు భవనాల పనికి వచ్చినవాళ్లు. ఒక భవనం పూర్తయితే ఇంకో భవనం దగ్గరికి, ఆ పిల్ల ఇంకో బడికి. ఎవరినీ ఆపకుండా పై తరగతికి పంపాలి కాబట్టి అక్షరాలు పూర్తిగా రాకుండానే ఐదుకు చేరింది. పదేళ్లది, బక్కగా ఉండేది. అడగకుండానే నా కుర్చీ తుడిచిపెట్టేది. నేను రోజూ మధ్యాహ్నం పావుగంట దాన్ని దగ్గర కూర్చోబెట్టుకునేదాన్ని. నాలుగు నెలలకు గుణింతాలు పట్టుబడ్డాయి. ఒకరోజు భోజనాల వరుసలో నిలబడి, గోడ మీద రాసిన వారం వంటల పట్టికను వేలితో దిద్దుకుంటూ "కో...డి...గు...డ్డు" అని చదివింది. చదివి, నేను చూశానో లేదో అని వెనక్కి తిరిగింది. చూశాను. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో అలాంటి రోజులు నాకు పది కూడా లేవు.

ఒక్క మాట కూడబలుక్కోవడానికి దానికి అరనిమిషం పట్టేది. గంటలో నలభై ప్రశ్నలు దాని వల్ల అయ్యే పని కాదు.

పరీక్షకు రెండు రోజుల ముందు పెద్దసారు పిలిచి, ఎవరూ కాగితం మీద రాయని ఆ మాట చెప్పారు. చుక్క ఉన్న పిల్లల్ని ఆ రోజు ఇంట్లోనే ఉండమనాలి. రానివాళ్లు లెక్కలోకి రారు.

"నలుగురు రాకుంటే ఏం పోదు మేడం. వస్తే మాత్రం మనం మళ్ల అడుగునే ఉంటం," అన్నారు. చాలా బడుల్లో జరుగుతున్నదేనని నాకూ తెలుసు. నేను ఎదురు చెప్పలేదు. నిజం చెప్పాలంటే, నా తరగతి పైన కనపడాలని నాకూ ఉంది.

ముగ్గురికి చెబితే సెలవు దొరికిందని ఎగిరి గంతేశారు. ఈ పిల్లకు ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. నీకు ఒంట్లో బాగా లేనట్టుంది, ఎల్లుండి ఇంట్లో ఉండు అన్నాను. అది చేయి తన మెడ మీద పెట్టి చూసుకుంది.

"నాకు జెరం లేదు టీచర్," అంది.

ఉన్నట్టుంది, చెప్పింది విను అన్నాను. లేదు టీచర్, చూడండ్రి అని నా చేయి పట్టుకుని తన నుదుటి మీద పెట్టబోయింది. పక్కన పిల్లలు చూస్తున్నారు. నాకు కోపం వచ్చింది. దాని మీద కాదు, నా అబద్ధం నిలబడనందుకు. చేయి విదిలించుకుని అనేశాను.

"నీకు చదువు రాదు. నువ్వొస్తే బడికి చెడ్డపేరు వస్తుంది. రాకు."

అది ఏడవలేదు. సరే టీచర్ అని వెళ్లి తన చోట కూర్చుంది. సాయంత్రం దాకా పుస్తకం తెరవలేదు. నేను చూస్తూనే ఉన్నాను, దగ్గరికి మాత్రం వెళ్లలేదు. ఇది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పరీక్ష బాగా జరిగింది. మర్నాడు ముగ్గురు వచ్చారు, ఈ పిల్ల రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వెళ్లి చూడాలని రోజూ అనుకున్నాను. జవాబు పత్రాలు కట్టలు కట్టడం, వివరాలు ఫోనులో ఎక్కించడం, ఆ పనుల్లో పడి వెళ్లలేదు. పనులు ఉన్న మాట నిజమే, భయం ఉన్న మాట ఇంకా నిజం. మూడు వారాలకు ఫలితాలొచ్చాయి. మా బడి మండలంలో రెండోది. సమావేశంలో పెద్దసారు నన్ను లేచి నిలబడమంటే అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రమే వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను.

ఊరి వెనక, కడుతున్న టవరు గోడ పక్కన రేకుల గదుల వరుస. పిల్ల గుమ్మంలో చంటి చెల్లెల్ని ఎత్తుకుని నిలబడి ఉంది. నన్ను చూడగానే లోపలికి వెళ్లిపోయింది. తల్లి కుర్చీ వేసి, వద్దంటున్నా చాయ పెట్టింది. నేను తిట్లు తినడానికి సిద్ధపడే వెళ్లాను.

"మీ మేలు మర్చిపోం టీచరమ్మా," అందామె. "ఐదేండ్ల సంది బడికి తోలుతున్నం. సదువు రాదని ఒక్కలు చెప్పలె. మీరే దానికి ఉన్నది ఉన్నట్టు చెప్పిండ్రు. ఇగ ఇంటికాడ చిన్నదాన్ని చూస్కుంటది, నేను రెండు పూటల పనికి పోతున్న."

చాయ గ్లాసు కింద పెట్టి జరిగిందంతా చెప్పేశాను. పరీక్ష గురించి, వరుస గురించి, పెన్సిల్ చుక్క గురించి. మీ పిల్లకు చదువు వస్తుంది, గుణింతాలు వచ్చేశాయి, నేను అబద్ధమాడాను అని చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, నన్నే ఓదార్చబోయింది. మేము బాధపడతామని గట్ల అంటున్నరు గానీ, టీచరై ఉండి పిల్లల్ని వద్దనేటోళ్లుంటరా అంది. నేను ఎంత నిజం చెబితే ఆమె కళ్లకు అంత మంచిదాన్ని అవుతున్నాను. లోపలి గదిలోకి చూసి పిల్లను పిలిచాను. అది గోడ వైపు తిరిగి చెల్లెల్ని జోకొడుతూనే ఉంది.

ఆ తర్వాత ఇంకో రెండుసార్లు వెళ్లాను. రెండోసారికి గది తాళం వేసి ఉంది, నార్సింగి వైపు పనికి పోయారన్నారు. అక్కడి బడులన్నిట్లో అడిగాను. ఎక్కడా చేరలేదు.

మొదటిసారి వెళ్లిన ఆ సాయంత్రం, నేను లేచి చెప్పులేసుకుంటుంటే పక్క గది ఆమె బయటికి వచ్చి, ఎవరని అడిగింది.

"మా పిల్లకు సదువు రాదని చెప్పిన టీచరమ్మ ఈమెనే," అంది తల్లి, గౌరవంగా.

పక్కింటామె ఆగమన్నట్టు చేయి ఊపి లోపలికి వెళ్లింది. రెండు జడలు వేసుకున్న ఆరేళ్ల కూతుర్ని తెచ్చి నా ముందు నిలబెట్టింది.

"జర దీన్ని గూడ చూసి చెప్పుండ్రి టీచరమ్మా," అంది. "వస్తదంటే తోల్త, లేదంటే ఇప్పుడే బంద్ చేస్త."

ఆ పిల్ల చేతులు కట్టుకుని నా మొహంలోకి చూస్తూ నిలబడింది.